కుక్కకు ఐఎంహెచ్ఏ: స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు ఏం గమనించాలి?

మా కాకర్ స్పానియల్ చిట్టికి ఆరేళ్లు. ఈ మధ్య చిగుళ్లు తెల్లగా పాలిపోయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. రక్తపరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్ర రక్తకణాల వాటా) 14 శాతమే. దాని రోగనిరోధక వ్యవస్థే ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తోందని, ఈ జబ్బునే ఐఎంహెచ్ఏ అంటారని, ఈ జాతి కుక్కల్లో ఇది ఎక్కువని డాక్టరు గారు చెప్పారు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా, బబేసియా పరీక్షల్లో ఏమీ తేలలేదు.

రక్తం ఎక్కించి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కిలో బరువుకు రోజుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టారు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ కూడా ఇస్తున్నాం. ఇప్పుడు పీసీవీ 34. సంతోషమే కానీ, స్టెరాయిడ్ ప్రభావం చూడలేకపోతున్నాం: తీరని దాహం, తీరని ఆకలి, రాత్రంతా రొప్పు. తొడల కండ కరిగి పొట్ట వేలాడుతోంది.

ఇక మోతాదును పావు వంతు చొప్పున తగ్గిస్తారట. ఈ దశ దాటినవారు చెప్పండి: జబ్బు తిరగబెడితే మీకు ముందుగా కనిపించిన లక్షణం ఏది? పీసీవీ ఎన్నాళ్లకొకసారి చూపించారు? రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్ లేదా అజాథయోప్రిన్ మందు జోడించాక స్టెరాయిడ్ త్వరగా తగ్గించగలిగారా? రేబిస్ టీకా గడువు దగ్గరపడింది. టీకా రోగనిరోధక వ్యవస్థను మళ్లీ రెచ్చగొడుతుందేమోనని వాయిదా వేయమని ఒక డాక్టరు, మన ఊళ్లలో అది ప్రమాదమని ఇంకొకరు అంటున్నారు. మీ డాక్టర్లు ఏమన్నారు?

వెల్లుల్లి పెట్టమని మాత్రం దయచేసి చెప్పవద్దు. మా బంధువులు ఇప్పటికే చెప్పారు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలనే దెబ్బతీస్తాయి.