సమస్యాపూరణం: చలికి చెమట పట్టె జాగరమున

కందనవోలు (నిర్వహణ):

శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుందని పెద్దల మాట. మా కర్నూలులో అది అంత మర్యాదగా పోదు. మధ్యాహ్నం ఎండ మిద్దె మీద కాలు పెట్టనివ్వదు. తెల్లవారుజామున తుంగభద్ర మీది గాలికి మళ్లీ మోకాళ్లు గడ్డానికి ఆనుతాయి. మా ఆవిడ వరండాలో చాప పరిచి చింతపండు గింజ తీస్తోంది. నేను పక్కన కూర్చుని ఈనెలు ఏరుతున్నట్టు నటిస్తున్నాను. వీధిలో అప్పుడప్పుడు కన్నడ మాటలు వినబడతాయి. నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి శ్రీశైలానికి నడిచి వెళ్లే భక్తులు. వాళ్లు సందు మలుపు తిరిగాక, గింజ పళ్లెంలో పడే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ చప్పుడు లెక్కపెడుతుంటే తట్టిన పాదం ఇది:

చలికి చెమట పట్టె జాగరమున

ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. చలికి, చెమట నగణాలు, అంటే మూడేసి లఘువులు (పొట్టి అక్షరాలు). పట్టె, జాగ హగణాలు, అంటే ఒక గురువు (పొడుగు అక్షరం), ఒక లఘువు. రమున మళ్లీ నగణం. ఈ రెండు రకాలనూ సూర్యగణాలంటారు, అయిదూ అవే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరడం, చ, జా. చలికి చెమటేమిటన్న చిక్కు విడిపోయేలా పైన మూడు పాదాలు మీవి. పురాణం వద్దనను గానీ, ఈ రోజుల్లో మీ ఇల్లు ఎలా ఉందో పద్యంలో ఎక్కడో ఒకచోట కనబడాలి.

మహానంది యాత్రికుడు:

నుదుటి కన్ను విప్పె మదనుని పై శూలి
మంచు కొండ కరిగి మడుగులయ్యె
వణకు వేల్పులెల్ల వలువలు వదలంగ
చలికి చెమట పట్టె జాగరమున

పాతబస్తీ పంతులు:

నుదుటి, మదనుని: మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలిసే ప్రాసయతి చక్కగా పడింది. మెచ్చుకోవలసింది అంతవరకే. కామదహనం ఫాల్గుణ పౌర్ణమి నాటి మాట, శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. పదహారు తిథుల ముందే మన్మథుణ్ణి కాల్చేశారు. కన్ను తెరిచింది శివుడు సరే, జాగరం ఎవరిది? ఆ మాట పాదంలో ఉంది కాబట్టి పద్యంలో ఉంది, అంతే. ఇక వలువలంటే బట్టలు, కంబళ్లు కావు. కైలాసంలో దేవతలందరూ ఏం చేస్తున్నట్టు?

మహానంది యాత్రికుడు:

కంబళ్లని పెడితే యతి పోతుంది పంతులుగారూ.

పాతబస్తీ పంతులు:

యతి నిలబెట్టడానికి దేవతల పరువు తీయాలా నాయనా?

పెన్న ఒడ్డు, కడప:

మా వాడు పదో తరగతి. రాత్రి పదకొండింటికి వాడి గదిలో టీ పెట్టి వస్తూ అల్లుకున్నది.

లెక్కలన్న భయము లేత గుండెను జేరె
కప్పినట్టి రగ్గు కాళ్ల జారె
మార్చి వచ్చు నంచు మది నెంచినంతలో
చలికి చెమట పట్టె జాగరమున

కందనవోలు:

ఇల్లు కనబడింది అమ్మా. రగ్గు కాళ్ల మీదికి జారడం నేను మూడు సార్లు చదువుకున్నాను. కానీ చిక్కు విడిపోలేదు. తెలుగులో "కి" రెండు పనులు చేస్తుంది. "పిల్లవాడికి చెమట పట్టింది" అంటే పట్టినది వాడి ఒంటికి. "ఎండకి చెమట పట్టింది" అంటే ఎండ కారణం. ఈ సమస్యలో ఉన్న తమాషా అంతా ఆ రెండింటి మధ్యే. చలి కారణమా, చెమట పట్టిన ఒళ్లే చలిదా? మీ పద్యంలో చెమటకు కారణం భయం, పట్టింది పిల్లవాడికి. పాపం, చలికి ఏ సంబంధమూ లేదు.

పెన్న ఒడ్డు, కడప:

మా వాడి లెక్కల పేపరులాగే అయింది. పద్ధతికి మార్కులు వేసి జవాబు దగ్గర కోసేశారు.

కానుగ నీడ, అనంతపురం:

ఆటవెలది అంటే మా ఉమ్మడి జిల్లా వాళ్లకు కొంచెం చనువు ఎక్కువ. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన చేతిలో నలిగిన ఛందం కదా. ఆ చనువుతో తప్పులుంటే క్షమించాలి. మా అమ్మ శివరాత్రికి సినిమాలు చూడదు, భజనకు వెళ్లదు. నిద్ర రాకుండా ఇల్లు సర్దుతుంది.

రగ్గులన్ని మడిచి రాత్రంత మా యమ్మ
వేప రెమ్మలుంచి తాళమేసె
లోన చిక్కి గాలి లోపించినంతనే
చలికి చెమట పట్టె జాగరమున

పాతబస్తీ పంతులు:

ఆహా. రగ్గులతో పాటు చలిని కూడా ట్రంకుపెట్టెలో పెట్టి మూసిన తల్లి! ఇందులో చలి ఒక ప్రాణి, దానికి ఊపిరాడక చెమట పట్టింది. జాగరం కూడా అమ్మది, ఊరికే వచ్చిన మాట కాదు. అయితే రెండో పాదంలో యతి లేదు. వే ఎక్కడ, తా ఎక్కడ? "తాళము వేసె"ను "తాళమేసె" అని నోటిమాటగా కుదించడం కూడా పద్యంలో నప్పలేదు. "వేప రెమ్మలుంచి పెట్టె మూసె" అనండి. వే, పె యతి కుదురుతుంది. పెట్టె అన్న మాట కూడా దొరుకుతుంది, మీ పద్యంలో అది ఎక్కడా లేదు. పెట్టె లేకుండా చలి దేనిలో చిక్కినట్టు?

కానుగ నీడ, అనంతపురం:

సవరించుకున్నాను పంతులుగారూ. ఒక్కటే బాధ. అమ్మ తాళం వేయకుండా ఊరుకోదు. తాళంచెవి కొంగున ముడి వేసుకుని, తెల్లారాక ఎక్కడ పెట్టానని వెతుకుతుంది.

కందనవోలు:

ఆ వెతుకులాట ఇంకో పద్యానికి దాచుకోండి. నాకు ఇందులో మరీ నచ్చింది వేపరెమ్మ. ఈ రోజుల్లో పాత ఆకు రాలి చెట్టు సగం బోసిగా ఉంటుంది. పెట్టెకు కావలసిన నాలుగు రెమ్మల కోసం కొమ్మకొమ్మా చూడాలి. అదే చెట్టు ఉగాదికి పూత ఇస్తుంది. పద్యం ఆ మాట చెప్పకుండానే ఉగాది వాసన తెచ్చింది.

వేపపూత, ప్రొద్దుటూరు:

నాది నవ్వించేది కాదు.

చంటివాని నుదుట చల్లని గుడ్డతో
తల్లి కూరుచుండె తల్లడిలుచు
తెల్లవారు వేళ దిగినది తాపమ్ము
చలికి చెమట పట్టె జాగరమున

పాతబస్తీ పంతులు:

చలిజ్వరం! ముందు వణుకు, తర్వాత కాక, చివర చెమట. చెమట పట్టిందంటే జ్వరం దిగినట్టేనని మా ఇళ్లలో ముసలివాళ్లు పిల్లల మెడ వెనక చెయ్యి పెట్టి చూసేవారు. చలి అన్న మాటకే ఇంకో అర్థం తీసి చిక్కు విప్పారు. శివరాత్రి ఊసే లేని జాగరం. "తెల్ల", "దిగి" యతి కూడా ఇబ్బంది లేకుండా పడింది.

పెన్న ఒడ్డు, కడప:

పద్యం బాగుంది అక్కా. తల్లిగా ఒక మాట చెబుతాను, జ్వరానికి చల్లటి నీళ్ల గుడ్డ వద్దని, గోరువెచ్చని నీళ్లతో తుడవమని డాక్టర్లు చెబుతారు.

వేపపూత, ప్రొద్దుటూరు:

నిజమే. కానీ గోరువెచ్చన అంటే చంటివాడితో యతి కుదరదు. వాడికి ఇప్పుడు ఇరవై రెండేళ్లు, ఏమీ కాలేదు.

ఆదోని అంగడి:

మా ఇంట్లో ఫిబ్రవరి అంతా ఇదే పంచాయితీ.

ఫ్యాను వేయుమనుచు పంత మింటామెది
రగ్గు వలయు ననుచు రభస నాది
నడుమ నలిగి నలిగి నడిరేయి గడువంగ
చలికి చెమట పట్టె జాగరమున

కందనవోలు:

నవ్వాగలేదు. చింతపండు పక్కన పెట్టి మా ఆవిడకు చదివి వినిపించాను. "రాసినాయన పేరేమిటి, మన ఇంట్లో మంచం కింద దాక్కున్నాడా?" అంది. మొగుడూ పెళ్లాల మధ్య పడి నలిగింది చలి, చెమటలు పట్టింది చలికి, జాగరం ముగ్గురికీ.

పాతబస్తీ పంతులు:

నవ్వాను. నవ్వడం అయ్యాక వ్యాకరణం గుర్తొచ్చింది. "నలిగి" క్త్వార్థకం, అంటే చేసి, వెళ్లి లాంటి రూపం. ముందు పని చేసినవాడూ తర్వాతి పని చేసినవాడూ ఒక్కడే కావాలి. ఇక్కడ నలిగింది చలి, పట్టింది చెమట. కర్తలు వేరు. ఈ లెక్కన మీ ఇంట్లో నలిగింది చెమట అవుతుంది.

ఆదోని అంగడి:

"నడిచి నడిచి నాకు చెమట పట్టింది" అని అనమా పంతులుగారూ? నడిచింది నేను, పట్టింది చెమట. ఆ లెక్కన నా చెమట నడిచినట్టా?

పాతబస్తీ పంతులు:

అంటాం. మాట్లాడేటప్పుడు అంటాం. శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లందరూ అనే మాటే. పద్యంలో అనవచ్చునా అన్నది నా ప్రశ్న.

కానుగ నీడ, అనంతపురం:

అట్లయితే నా పద్యంలో "చిక్కి" కూడా తప్పేనా? చిక్కింది చలి కదా.

పాతబస్తీ పంతులు:

అది నేను ముందు చూడలేదు. ఉండండి, ఆలోచించనివ్వండి.

కందనవోలు:

ఆయన ఆలోచించేలోగా నా మాట. అనుభవించేవాడికి "కి" చేరినా, అర్థంలో కర్త అతనే. "నాకు ఆకలి వేసింది" అన్నప్పుడు ఆకలి చేసిన పని ఏముంది? తెలుగువాడి ఒంటికి వచ్చేవన్నీ, ఆకలి, నిద్ర, చెమట, వణుకు, ఇలా "కి"తోనే వస్తాయి. సంస్కృతం సూత్రాన్ని ఇక్కడికి యథాతథంగా తెస్తే మన మాటల్లో సగం చెల్లవు. నేను రెండు పద్యాలనూ ఒప్పుకుంటున్నాను. పంతులుగారు ఒప్పుకోరని తెలుసు.

పాతబస్తీ పంతులు:

ఒప్పుకోను. అయినా అనంతపురం అమ్మగారి పెట్టె పద్యం నోట్‌బుక్కులో రాసుకున్నాను, తప్పుతో సహా.

మహానంది యాత్రికుడు:

దేవతల కోసం ఇంకోసారి ప్రయత్నించాను. "వణకు వేల్పులెల్ల వలిగాలి వదలంగ." వలిగాలి అంటే చలిగాలే కదా. బట్టలు ఉన్నాయి.

పాతబస్తీ పంతులు:

బతికించారు.

ఆదోని అంగడి:

ఇంటామె పద్యం చదివింది. "పంతం నాది, రభస మీది, బాగానే పంచారు" అంది. తర్వాత లేచి ఫ్యాను రెండులో పెట్టింది. నేను రగ్గు తెచ్చుకుంటున్నాను.