పుట్టిన పాపకి టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ, టీ4 నార్మల్: థైరాయిడ్ మాత్ర వెయ్యాలా, ఆగి చూడాలా?

కొత్తఅమ్మ:
మా పాపకి మూడు వారాలు దాటాయండి. నెలలు నిండాకే పుట్టింది. మడమ గుచ్చి తీసిన రక్తంలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను, ఎక్కువ ఉందని ఇప్పుడు మళ్ళీ చేతి నరం నుంచి రక్తం తీసి చేయించారు. టీఎస్‌హెచ్ 12, ఫ్రీ టీ4 (ఆ గ్రంథి తయారుచేసే హార్మోను) నార్మల్. పాలు బాగానే తాగుతోంది, బరువూ పెరుగుతోంది. ఒక డాక్టరుగారు ఇవాళే మాత్ర మొదలుపెట్టేద్దాం అంటున్నారు, ఇంకొకరు ఏమీ ఇవ్వకుండా ఒకటి రెండు వారాలాగి మళ్ళీ టెస్టు చేద్దాం అంటున్నారు. ఇద్దరి మీదా నాకు నమ్మకం ఉంది, అందుకే టెన్షన్ ఇంకా ఎక్కువైపోయింది. ఈ కాస్త తేడాకే పిల్ల ఎత్తు ఎదగడం, మెడ నిలపడం, నడక ఆలస్యమవుతాయా? అవసరం లేకుండా మాత్ర వేస్తే ఏమవుతుంది?

చిన్నోడి నాన్న:
మొదలుపెట్టండమ్మా. మా వాడికి పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేదు. చూడటానికి మాత్రం చక్కగా ఉన్నాడు, ఎవరికీ అనుమానం రాలేదు. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి హార్మోను మాయ గుండా బిడ్డకి కొంత చేరుతుంది కాబట్టి పుట్టగానే లక్షణాలు కనపడవు, అది కాస్తా కొద్ది వారాల్లో అయిపోతుంది. ఉబ్బిన ముఖం, పెద్ద నాలుక, తగ్గని కామెర్లు, మలబద్ధకం, వెడల్పుగా ఉండిపోయిన మాడు, ఇవి పైకి కనపడేసరికి మెదడుకి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. 1970ల్లో కెనడాలోని క్యూబెక్‌లో అందరు పిల్లలకీ ఈ పరీక్ష మొదలుపెట్టింది ఇందుకే. అంతకుముందు ఈ జబ్బు నెలల తర్వాత గానీ బయటపడేది కాదు, అప్పుడు మందు వేస్తే ఎత్తు పెరిగేది గానీ తెలివి పూర్తిగా తిరిగొచ్చేది కాదు. మా వాడికి రెండు వారాలు నిండకముందే మందు పడింది. ఇవాళ ఎత్తులో, ఆటలో తోటిపిల్లలతో సమానం. ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోనునే మాత్రగా ఇస్తున్నాం, దానికి భయపడి ఆగడం నాకు నచ్చదు.

మొండిప్రశ్న:
అన్నగారూ, మీ బాబు విషయంలో చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ గ్రంథే లేని బిడ్డకీ, టీ4 నార్మల్‌గా ఉన్న బిడ్డకీ ఒకే లెక్క ఎలా వేస్తాం? ఈ పాప గ్రంథి పనిచేస్తోంది, కావలసినంత టీ4 ఇస్తోంది, కాకపోతే టీఎస్‌హెచ్ పంపే పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) కొంచెం గట్టిగా తోస్తోంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి అది దానంతటదే సర్దుకుంటుంది. బెల్జియంలో పుట్టినప్పుడు టీఎస్‌హెచ్ స్వల్పంగా పెరిగిన పిల్లలని బడి ముందు వయసులో పరీక్షించి చూశారు, తెలివిలో గానీ శరీర కదలికల్లో గానీ దాని ప్రభావం కనపడలేదు. మాత్ర మోతాదు ఎక్కువైతే ఎముక వయసు (ఎముకలు ఎంత ముదిరాయన్న లెక్క) ముందుకు పరిగెడుతుంది, బాగా ఎక్కువై చాలాకాలం అలాగే ఉంటే పుర్రె అతుకులు ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఒకసారి మొదలుపెట్టాక మూడేళ్ళు రక్తపరీక్షలే. బిడ్డకి జబ్బు ఉందన్న ముద్ర ఇంట్లో పడిపోతుంది, అది చిన్న విషయం కాదు.

ల్యాబ్ డ్యూటీ:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, మందు గురించి మాట్లాడను, నంబరు గురించి చెప్తాను. బిడ్డ బయటికి వచ్చిన అరగంటకే టీఎస్‌హెచ్ 60, 80 దాకా ఎగబాకుతుంది. చలి తగలడం, బొడ్డు కోయడం, ఒక్కసారిగా మారిన వాతావరణం, వీటికి శరీరం ఇచ్చే జవాబు అది. తర్వాత రోజుల్లో దిగిపోతుంది. అందుకే మొదటి రోజే ఇంటికి పంపేస్తూ తీసిన శాంపిల్‌లో అనవసరంగా పాజిటివ్‌లు ఎక్కువ వస్తాయి. మీ రిపోర్టులో శాంపిల్ తీసినప్పుడు పాప వయసు ఎన్ని గంటలో రాసి ఉందా చూడండి. ఇంకోటి, కాగితం మీద ఆరబెట్టిన చుక్క రక్తంలో వచ్చే అంకె, నరం నుంచి తీసిన సీరంలో (రక్తంలో కణాలు వేరు చేశాక మిగిలే ద్రవంలో) వచ్చే అంకె ఒకటి కాదు. కొన్ని ల్యాబ్‌లు మొత్తం రక్తం లెక్కన ఇస్తాయి, సీరం లెక్కలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనుకుంటూ నిద్ర పోగొట్టుకున్న తల్లిదండ్రులని చాలామందిని చూశాను. కాన్పులో గానీ, బొడ్డుకి గానీ అయోడిన్ మందు బాగా పూశారా అన్నది కూడా అడగండి. పసిపిల్లల చర్మం గుండా అయోడిన్ లోపలికి పోతుంది, ఎక్కువైతే గ్రంథి కొన్నాళ్ళు మొరాయిస్తుంది.

కొత్తఅమ్మ:
మొదటి శాంపిల్ మూడో రోజు తీశారండి. 12 వచ్చింది మాత్రం ఇప్పుడు, నరం నుంచి తీసినదే. అయోడిన్ సంగతి అడుగుతాను.

ల్యాబ్ డ్యూటీ:
అయితే పుట్టగానే టీఎస్‌హెచ్ ఎగబాకడం దీనికి కారణం కాదమ్మా. మూడు వారాలకి అది దిగిపోయి ఉండాలి. ఈ 12ని పట్టించుకోవాల్సిందే.

చిన్నోడి నాన్న:
అదే కదా నేను చెప్పేది. మొండిప్రశ్న గారు బెల్జియం ఒక్కటే చెప్పారు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పిల్లల లెక్క 2016లో వచ్చింది, లక్షల మంది మడమ పరీక్ష నంబర్లని తర్వాతి స్కూల్ ఫలితాలతో కలిపి చూశారు. కటాఫ్‌కి (జబ్బు ఉందేమోనని మళ్ళీ పిలిచే గీతకి) కొంచెం కింద ఉండిపోయిన పిల్లలు, అంటే మందు పడని వాళ్ళు, చదువులో వెనకబడినట్టు కనపడింది. మీ లెక్కన వాళ్ళంతా నార్మలే.

మొండిప్రశ్న:
చదివాను. వెనకబడ్డారు అన్నంతవరకు నిజమే, టీఎస్‌హెచ్ వల్లే వెనకబడ్డారని దాంతో తేలదు. కాన్పు కష్టం, తల్లిలో అయోడిన్ లోటు, ఇలాంటివి రెండిటికీ కారణం కావచ్చు. మందు వేస్తే బాగుపడతారని తేలాలంటే సగం మందికి వేసి, సగం మందికి వెయ్యకుండా చూడాలి. గర్భిణుల విషయంలో అలాగే చేశారు కదా, తేలికపాటి థైరాయిడ్ తేడా ఉన్న తల్లులకి మాత్ర ఇచ్చి, పిల్లల తెలివిని ఒక పరిశోధనలో మూడేళ్ళకి, ఇంకోదాంట్లో ఐదేళ్ళకి కొలిచారు. 2012లో, 2017లో వచ్చిన ఆ రెండిట్లోనూ తేడా రాలేదు. ముందు అందరూ తేడా వస్తుందనే అనుకున్నారు.

పసిపిల్లల వార్డు:
పిల్లల డాక్టరుని. ఇద్దరి మాటలూ చదివాను, అమ్మ అడిగిన మొదటి ప్రశ్న మధ్యలో పడిపోయింది. ఎత్తు, నడక సంగతి.

ఎముకల చివర పెరిగే మృదులాస్థి పొరలో థైరాయిడ్ హార్మోను నేరుగా పనిచేస్తుంది. గ్రోత్ హార్మోను సరిగ్గా రావాలన్నా ఇది కావాలి. బాగా తక్కువైన బిడ్డలో ఎముక వయసు వెనకబడుతుంది, కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉండిపోతాయి, కండరాలు వదులుగా ఉండి మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమవుతాయి. ఇవన్నీ నిజం. కానీ ఇవి టీ4 పడిపోయి, మందు లేకుండా నెలలు గడిచిన పిల్లల కథ. గ్రంథి లేని పిల్లలు కూడా మామూలు పొడవుతో, మామూలు బరువుతోనే పుడతారు. తీవ్రత తెలుసుకోవాలంటే మోకాలి ఎక్స్‌రే తీస్తాం, నెలలు నిండిన బిడ్డలో తొడ ఎముక కింది చివర ఎముక గట్టిపడటం మొదలైన చిన్న కేంద్రం ఒకటి కనపడాలి, అది లేదంటే లోటు కడుపులోనే మొదలైందని అర్థం. ఆ పిల్లలకి కూడా త్వరగా సరైన మోతాదు పడితే ఎత్తు మామూలుగానే వస్తుంది. కాబట్టి టీ4 నార్మల్‌గా ఉన్న మీ పాప ఎత్తు గురించి ఈ 12ని చూసి దిగులుపడకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అందరూ పొరపడేది ఇక్కడే. బరువు పెరుగుతోంది, పొడవు పెరుగుతోంది, అంటే థైరాయిడ్ బాగుందని అనుకుంటారు. గ్రోత్ చార్ట్‌లో గీత కిందికి వంగేది ఆలస్యంగా, మెదడుకి హార్మోను కావలసింది ఇప్పుడు. పాప ఎదుగుదలని చూసి మాత్ర అక్కర్లేదని తేల్చకూడదు. తేల్చాల్సింది రక్తమే.

ఇక ఇద్దరు డాక్టర్లలో ఎవరు కరెక్టు అంటే, ఇద్దరూ. 2021లో అచ్చయిన యూరప్ నిపుణుల మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. టీ4 తక్కువగా ఉంటే వెంటనే మందు. టీ4 నార్మల్‌గా ఉన్నా టీఎస్‌హెచ్ 20 దాటితే మందు. మూడు వారాలు దాటిన బిడ్డలో 6 నుంచి 20 మధ్య ఉండి టీ4 నార్మల్ అయితే, మందు మొదలుపెట్టి తర్వాత ఎప్పుడైనా ఆపి చూడొచ్చు, లేదా మందు లేకుండా ఒకటి రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష చేయొచ్చు. నాకు భయం వేసేది మూడో రకం తల్లిదండ్రులని చూస్తే. "చూద్దాం" అన్నారని ఇంటికి వెళ్ళి, తేదీ రాసుకోక, ఆరు నెలలకి వేరే జబ్బుతో వచ్చేవాళ్ళు. ఆగడం కూడా వైద్యమే, తేదీ ఉంటేనే.

మొండిప్రశ్న:
దీనికి నేను ఒప్పుకుంటాను డాక్టరుగారూ. నేను వద్దన్నది గుడ్డిగా మొదలుపెట్టడాన్ని. కానీ ఆపి చూడొచ్చు అంటారు గానీ ఎంతమంది ఆపుతున్నారు? మూడేళ్ళకి ఆపి చూడాలన్న మాట మొదటి రోజే చీటీలో రాస్తే బాగుండేది.

పసిపిల్లల వార్డు:
రాయాల్సిందే. గ్రంథి తన చోటులోనే ఉండి, తక్కువ మోతాదుతోనే టీఎస్‌హెచ్ అదుపులో ఉంటే మూడేళ్ళ దాకా కూడా ఆగక్కర్లేదు, ఆరు నెలల తర్వాత ఎప్పుడైనా ఆపి చూడొచ్చు. అందుకే అల్ట్రాసౌండ్ చేయించండి. గ్రంథి లేకపోయినా, నాలుక మొదట్లో ఎక్కడో ఇరుక్కుని ఉన్నా, జీవితాంతం మందు కావాలి, అప్పుడు ఈ చర్చే ఉండదు. తల్లికి థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి, కొన్ని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ గ్రంథిని కొన్ని నెలలు అడ్డుకుంటాయి, తర్వాత అవే పోతాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి, కవలలకి లెక్క వేరు, మొదటి పరీక్ష బాగున్నా రెండోది చేయాలి, నిండని బిడ్డలో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరుగుతుంది. ఈ పాపకి అది వర్తించదు కాబట్టి వదిలేస్తున్నాను.

చిన్నోడి నాన్న:
నేనైతే ఇప్పటికీ ఈ రోజే మొదలుపెట్టేవాడిని. ఆ రెండు వారాల్లో టీ4 పడిపోతే ఆ రోజులని ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. ఎక్కువ మోతాదు భయం అంటారా, పరీక్షలు సమయానికి చేస్తే తగ్గించుకోవచ్చు. మా వాడికి అలా తగ్గించారు కూడా.

కొత్తఅమ్మ:
అందరికీ థాంక్స్ అండి. ఇద్దరు డాక్టర్లతోనూ మాట్లాడాను. ఈ వారంలోనే అల్ట్రాసౌండ్, నా యాంటీబాడీల పరీక్ష. వచ్చే సోమవారం పాపకి మళ్ళీ టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. టీ4 తగ్గినా, టీఎస్‌హెచ్ 20 దాటినా అదే రోజు మాత్ర. 10కి పైనే అలాగే ఉండిపోతే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఆపి చూసే తేదీ ఫైల్‌లో రాస్తామన్నారు. తగ్గుతూ ఉంటే మందు లేకుండా ఇంకోసారి.

చిన్నోడి నాన్న:
మంచిదమ్మా. సోమవారం రిపోర్టు సోమవారమే చేతికొస్తుందా, ఎవరు ఫోన్ చేస్తారు అన్నది ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మాత్ర వెయ్యాల్సి వస్తే పొడి చేసి చెంచాడు తల్లిపాలలోనో నీళ్ళలోనో కలిపి పట్టండి, సీసా నిండా పాలలో కలిపితే బిడ్డ మొత్తం తాగకపోతే ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు. ఐరన్ చుక్కలు, కాల్షియం, సోయా పాలు ఇస్తుంటే ఆ మాత్రతో పాటు ఇవ్వకుండా ఎడం పాటించండి.