‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’: ఇందులో ఏకు ఏమిటి?

ప్రశ్న: ఈ సామెతలో మేకు అంటే గోడకు దిగ్గొట్టేదా, మేకపిల్లా? ఏకు అంటే ‘ఒకటి’ అని ఎవరో రాశారు. నిజమేనా?

జవాబు: ఒకటీ కాదు, మేకపిల్లా కాదండీ. వడకడానికి సిద్ధంగా ఉన్న దూదిచుట్టే ఏకు. గింజ తీసిన దూదిని వింటినారితో కొట్టి పింజలు పింజలుగా విడదీయడం ఏకడం. దూదేకులవారి పేరులో ఉన్నదీ ఇదే. ఆ దూదిని పల్చగా పరిచి, సన్నటి పుల్ల మీద దొర్లించి, పుల్ల లాగేస్తే మిగిలేది ఏకు. బిగించి చుడితే పోగు సాగక తెగుతుంది, మరీ వదులైతే నూలు ఉండలు కడుతుంది. అంత మెత్తనిది మేకులా దిగబడిందని సామెత. ‘ఏకిపారేశాడు’ కూడా ఆ నారిదెబ్బల మాటే.

ఇంకొకరు: శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీకి వింటికన్నా ముందు ఇంకో పని ఉంది. కొండపత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లకి నలుసు పోయి పీచు ఒకవైపుకి తీరుతుంది. ఏకులకు దుమ్ము, చెమట అంటకుండా ఎండిన అరటి దొప్పలో ఉంచుతారు. ఇంత చేస్తేనే 100 కౌంటు సన్ననూలు. కౌంటంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని అని. 20 కౌంటు చిలప దాదాపు 23 గ్రాములు తూగితే, 100 కౌంటుది నాలుగున్నరే.

ప్రశ్న అడిగినవారు: మరి పడుగు, పేక (మగ్గం మీది నిలువు, అడ్డం పోగులు) అందరికీ తెలిసి, ఏకు ఎందుకు మరిచాం?

జవాబు: రాట్నం ఆగింది, మగ్గం ఆగలేదు. అందుకు. ఈస్టిండియా కంపెనీ కాలంలో నరసాపురం దగ్గర మాధవాయిపాలెం బట్ట సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్లేది, ఆ ఊరి పేరే ‘మడపోలం’ అని బట్టకు పడింది. బీరారు (ఇప్పటి విదర్భ) పత్తిని లంబాడీల ఎడ్లు కోస్తాకు మోసేవి. కంపెనీ బయానా సాలెవారికి. వడికే ఆడవాళ్లకు సంతలో నూలు ధరే దిక్కు. ఇంటిపని సందుల్లో వడికేది కాబట్టి ఆ శ్రమ ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. 19వ శతాబ్దంలో సీమ మిల్లునూలు చవగ్గా దిగేసరికి సాలెవారు అదే కొని నేశారు. కండె, నాడె, పడుగు, పేక లాంటి మగ్గం మాటలు మిగిలాయి. ఏకు సామెతలో ఇరుక్కుంది.