షాకిల్టన్ విస్కీ: వందేళ్లు మంచులో ఉన్నదాన్ని మళ్లీ ఎలా తయారుచేశారు?

ప్రశ్న: బ్రిటిష్ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ అంటార్కిటికాకు చేసిన నిమ్రాడ్ యాత్ర (1907–09) కాలంలో, అక్కడి కేప్ రాయిడ్స్ గుడిసె కింద వదిలేసిన మెకిన్లే విస్కీ గురించి రెండు సందేహాలు. అంత చలికి సీసాలు ఎందుకు పగల్లేదు? ల్యాబ్‌లో పరీక్షిస్తే తయారీ విధానం మొత్తం తెలిసిపోతుందా?

జవాబు 1: అందులో ఆల్కహాల్ 47.3 శాతం. ఆ గాఢత దగ్గర గడ్డకట్టడం మొదలయ్యేదే సుమారు మైనస్ 30 డిగ్రీల వద్ద. అప్పుడైనా ముందు నీరు స్ఫటికాలు కడుతుంది, మిగిలిన ద్రవం ఇంకా చిక్కనై మరింత చలికి ఆగుతుంది. అందుకే సీసాలో ఒకేసారి రాయిలా బిగుసుకోదు. 2010లో మూడు విస్కీ పెట్టెలు, రెండు బ్రాందీ పెట్టెలు బయటికి తీశారు. ఒక విస్కీ పెట్టెకు పట్టిన మంచును న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ మ్యూజియంలో కరిగించారు. గబగబా వేడిచేస్తే తేమ పట్టి లేబుళ్లు ఊడతాయి, సీసాలకు చుట్టిన గడ్డి బూజెక్కుతుంది, చెక్క చీలుతుంది. కాబట్టి చల్లని గదిలో ఉష్ణోగ్రతను రోజులకొద్దీ మెల్లగా పెంచాల్సిందే.

జవాబు 2: రెండో సందేహానికి: తెలియదండీ, సగమే తెలుస్తుంది. మూడు సీసాలు 2011లో స్కాట్లాండ్ చేరాయి (విస్కీ కంపెనీ వైట్ అండ్ మెకేకి అప్పటి యజమాని విజయ్ మాల్యా విమానంలోనే!). బిరడా తీయకుండా సూదితో గుచ్చి నమూనా తీశారు. పొగవాసన ఇచ్చే ఫినాల్స్ అనే రసాయనాల తీరు చూసి పీట్ (బార్లీని ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి) స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవులదనీ, చెక్క సారం చూసి పీపాలు షెర్రీ అనే వైన్‌కు వాడిన అమెరికన్ ఓక్ చెక్కవనీ అంచనాకు వచ్చారు. కానీ ఏ పీపాలోది ఎంత వంతు కలిపారో ఏ యంత్రమూ చెప్పదు. అక్కడ పని చేసింది ఆ కంపెనీలో విస్కీలు కలిపే నిపుణుడు రిచర్డ్ ప్యాటర్సన్ ముక్కే. మన పోపు ఘుమఘుమ చూసి ఆవాలెన్ని, మెంతులెన్ని అని చెప్పడం లాంటిది!

జవాబు 3: అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ) కాచిన ఇన్వర్నెస్‌లోని గ్లెన్ మోర్ డిస్టిలరీ 1983లోనే మూతపడింది. అందుకని మిగిలున్న పాత గ్లెన్ మోర్‌కు డాల్‌మోర్ లాంటి వేరే డిస్టిలరీల విస్కీలు జతచేసి, 8 నుంచి 30 ఏళ్ల మాల్ట్‌లతో వాసనను సరిపోల్చారు. అంటే దాన్ని నకలు అనడం కన్నా పోలిక అనడం సబబు. పొగవాసన తక్కువగా ఉండటం చాలామందికి వింతగా తోచింది, ఆ కాలపు విస్కీలన్నీ ఘాటైన పొగతో ఉండేవని అనుకునేవారు మరి.

ప్రశ్న అడిగినవారు: మరి ఆ మూడు సీసాలు?

జవాబు 1: 2013లో మళ్లీ అంటార్కిటికాకే చేర్చారు.