అనంతపురంలో ఏడీహెచ్‌డీకి థెరపీ: ఊళ్లోనా, ఆన్‌లైన్‌లోనా?

పెన్నాగట్టు:
పిల్లోడికి తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఏమో చూపించండి అంటోంది స్కూలు. ఊళ్లో థెరపీ సెంటర్లున్నాయి, బెంగళూరు వాళ్లు వీడియోలో చూస్తామంటున్నారు. దేనికి డబ్బు పెట్టాల?

బురుజుకాడ:
ఆన్‌లైన్‌కే. ఈ వయసులో థెరపీ అంటే చాలావరకు తల్లిదండ్రులకు నేర్పడమే. ఎదురుగా నిలబడి ఒక్కసారికి ఒక్క పనే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, హోంవర్కును పది పదిహేను నిమిషాల ముక్కలు చేయడం. వీటికి పిల్లోన్ని ఆటోలో తిప్పే పని లేదు. తెలుగులో చెప్పేవాళ్లయితే చాలు.

కేసీకెనాల్:
బురుజన్నా, జబ్బు తేల్చకుండా థెరపీ కొనడమేంది? లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బళ్లోనూ కనిపిస్తేనే ఏడీహెచ్‌డీ అనేది. బళ్లో మాత్రమే అయితే ముందు చూపు, వినికిడి, చదవడంలో ఇబ్బంది పరీక్షించాల. పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి పోండి. స్కూలు నోటుబుక్కులు, టీచర్ రాసిన కాగితం తీసుకుపోండి.

ఇంకోటి. మందు అవసరమైతే ముందుగా ఆలోచించేది సాధారణంగా మిథైల్‌ఫెనిడేట్. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియోలో చూసి దాన్ని రాయకూడదు. చీటీ రెండు ప్రతులుండాల, ఒకటి మందుల షాపు వాళ్లు రెండేళ్లు దాచాల. ప్రత్యేక లైసెన్సు లేని షాపులో అసలు దొరకదు. చీటీ చేతికొచ్చిన రోజే ఏ షాపులో ఉందో డాక్టర్నే అడగండి. మొదలుపెట్టే ముందు బీపీ, నాడి, బరువు, ఎత్తు రాసుకోవాల. ఆకలి తగ్గుతుంది కాబట్టి తర్వాత కూడా బరువు చూస్తుండాల. ఇవన్నీ కెమెరాలో అయ్యే పనులా?

బురుజుకాడ:
మందుకు మీ మాటే. థెరపీకి కాదు.

దేవునికడప:
గొడవ ఊరి గురించి కాదు, మనిషి గురించి. ఊళ్లో అయినా ఆన్‌లైన్‌లో అయినా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, వాళ్ల వెబ్‌సైటులో సరిచూసుకోండి. మందు మాత్రం సైకియాట్రిస్టు లాంటి డాక్టరే రాయాల. ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ (మెదడును చురుకు చేస్తామనే కోర్సు) అన్నారంటే లేచి వచ్చేయండి, దానికి ఏ ఆధారమూ లేదు. మూడు నెలల ప్యాకేజీ ముందే కట్టమన్నా అనుమానించాల్సిందే. మొదటి సెషన్లోనే అడగండి: ఏ రెండు ప్రవర్తనల మీద పని చేస్తారు, తగ్గిందని ఎట్లా లెక్కపెడతారు? జవాబు రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.

ఇంట్లో పెట్టే టోకెన్ చార్టు (నియమం పాటిస్తే గుర్తు పెట్టి, వాటికి బహుమతి ఇచ్చే పట్టిక) చెడేది ఎక్కడంటే: గోడకు పది నియమాలు అంటించి, బహుమతి ఆదివారం అంటారు. ఈ పిల్లలకు ఆదివారం చాలా దూరం. రెండు నియమాలు చాలు, బహుమతి అదే సాయంత్రం. మోజు తగ్గితే బహుమతి మార్చండి, నియమాన్ని కాదు. అవ్వాతాతలకూ ఇదే చెప్పాల, లేకుంటే ఒక గదిలో పెట్టిన నియమం ఇంకో గదిలో చెల్లదు.

పెన్నాగట్టు:
అయితే ముందు పెద్దాసుపత్రికే. కానీ బళ్లు ఇప్పుడే తెరిచినారు, టీచర్ కొత్త.

కేసీకెనాల్:
అయితే పోయినేడాది టీచర్‌తో రాయించండి. కొత్తామె నెలన్నా చూడనిదే ఏం రాస్తుంది? ఓపీలో రద్దీ ఉంటుంది, పొద్దున్నే చీటీ తీసుకోండి. ఈలోపు సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.