సీసా మీది సంవత్సరమా, సీసా ఉన్న చోటా: పాత వైన్ విలువ ఎక్కడ ఉన్నది?

నయీంనగర్ నివాసి, హన్మకొండ:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో నెల రోజులుగా తెగని వాదం ఒకటి మీ ముందు పెడుతున్నాను. మా పెద్ద బావగారు ఫ్రాన్స్‌లో చదువు ముగించుకొని 2009లో తిరిగి వచ్చినప్పుడు బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ సీసా ఒకటి తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టారు. దానిపై 2005 అని ముద్రించి ఉన్నది. నాన్నగారు మద్యం ముట్టరు. అయినా అల్లుడు ప్రేమతో తెచ్చిన వస్తువని దానిని బీరువా పై అరలో, అమ్మ పట్టుచీరల పక్కన నిలబెట్టారు. అప్పటి నుండి అది అక్కడే ఉన్నది. ఈ మధ్య ఒక పెళ్లిలో కలిసిన బంధువొకరు, బోర్డోకు 2005 గొప్ప ఏడాది అని, వైన్ పాతబడిన కొద్దీ ధర పెరుగుతుందని, ఇప్పుడు అమ్మితే లక్షకు తక్కువ రాదని చెప్పారు. మా చెల్లెలు మాత్రం, ఇన్ని వేసవులు బీరువాలో ఉడికిన సరుకుకు పేరు చూసి డబ్బు ఎవరిస్తారని అడుగుతున్నది. పాత వైన్ విలువను నిర్ణయించేది పంట పండిన ఏడాదా, ఆ తర్వాత సీసా ఎక్కడ ఎలా ఉన్నదన్న విషయమా? తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

జగిత్యాల బిడ్డ, దుబాయి:

అన్నగారూ, నేను ఇక్కడి ఒక హోటల్‌లో పదకొండేళ్లుగా వైన్ నిల్వగది బాధ్యత చూస్తున్నాను. నా అభిప్రాయంలో ముందుగా చూడవలసింది ఏడాదినే. వింటేజ్ అంటే పాతది అని మనవాళ్లు అనుకుంటారు గాని, అది ద్రాక్ష కోసిన సంవత్సరం మాత్రమే. నిరుడు కోసిన పంటకు కూడా వింటేజ్ ఉంటుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సీసాపై ఏడాది వేయాలంటే అందులో కనీసం 85 శాతం ఆ ఏడాది కోసిన ద్రాక్షదే అయి ఉండాలి.

బోర్డోలో ఏడాదికి అంత విలువ ఎందుకంటే, అక్కడి తోటలకు నాసిక్‌లో లాగా డ్రిప్పు పైపులతో నీళ్లు పెట్టరు, సాధారణంగా వానే ఆధారం. ఏప్రిల్‌లో మంచు గడ్డకడితే చిగురు మాడిపోతుంది. జూన్‌లో పూత మీద వాన పడితే పిందె నిలవదు. సెప్టెంబరులో కోతలకు ముందు వానలు పట్టుకుంటే కాయ నీరు తాగి ఉబ్బి, రసం పలచబడి, గుత్తిలోనే కుళ్లు మొదలవుతుంది. 2005లో కాలం పొడిగా గడిచి కాయ చిన్నగా, తొక్క మందంగా వచ్చింది. ఎర్ర వైన్‌కు రంగు వచ్చేది తొక్క నుండే, దానిని ఏళ్ల తరబడి నిలబెట్టే వగరు కూడా ఎక్కువగా తొక్క నుండి, గింజ నుండి వస్తుంది కనుక, ఆ ఏటి వైన్లు ఎక్కువ కాలం నిలిచే బలంతో పుట్టాయి. 2013లో చల్లటి వసంతం, రాలిన పూత, కోతల నాటి కుళ్లు అన్నీ ఒక్కసారే వచ్చి పడటంతో, అవే తోటల నుండి వచ్చిన వైన్ పలచగా తేలింది. పోర్చుగల్‌లో పోర్ట్ అనే ఘాటైన తీపి వైన్ తయారుచేసే సంస్థలైతే ప్రతి ఏడాదీ వింటేజ్ పోర్ట్ ప్రకటించనే ప్రకటించవు. పదేళ్లలో మూడు నాలుగు సార్లు మాత్రమే, పంట నిజంగా బాగున్నప్పుడు ప్రకటిస్తాయి.

మన ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చినే చూడండి. కల్లంలో ఆరబోసిన కాయ మీద ఒక్క వాన పడితే తాలు ఎంత తేలుతుందో రైతుకు తెలుసు. ఆ తాలును ఎంత మంచి కోల్డ్ స్టోరేజీలో పెట్టినా ఎరుపెక్కదు. అయితే ఏడాదితో పాటు తోట పేరు కూడా చెప్పండి. బోర్డోలో 1855లో పారిస్ ప్రదర్శన సందర్భంగా, అప్పటి వ్యాపార ధరలను బట్టి, పేరున్న తోటలను ఐదు తరగతులుగా విభజించారు. ఆ పట్టికలో ఉన్న తోట సరుకు వేరు, అదే 2005 ముద్రతో సూపర్ మార్కెట్లో దొరికిన మామూలు బోర్డో వేరు. మామూలుది నాలుగైదేళ్లలో తాగడానికి చేసినదే.

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, కాజీపేట:

జగిత్యాల తమ్ముడు చెప్పిన వ్యవసాయపు సంగతులతో నాకు పేచీ లేదు. కానీ ఏడాదినే ముందు నిలబెట్టడాన్ని ఒప్పుకోలేను. మొదట మన దగ్గర పాతుకుపోయిన ఒక అపోహను తీసివేయాలి. మన ఊళ్లలో దుకాణం బోర్డు మీద వైన్స్ అని రాసి ఉన్నా లోపల అమ్మేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరు. విస్కీ సీసా మీది 12 ఏళ్లు అన్న అంకె అది చెక్క పీపాలో గడిపిన కాలాన్ని చెబుతుంది, సీసాలోకి దిగాక దాని మాగుడు ఆగిపోతుంది. వైన్ అలా కాదు. సీసాలో కూడా మారుతూనే ఉంటుంది, కాబట్టి బాగుపడగలదు, పాడు కూడా కాగలదు. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం కొద్ది ఏళ్లలో తాగవలసినదే. దశాబ్దాలు నిలబడి మెరుగుపడేది చాలా తక్కువ.

ఎర్ర వైన్‌లో వగరునిచ్చే టానిన్ అణువులు, రంగునిచ్చే అణువులు కాలక్రమంలో ఒకదానితో ఒకటి ముడిపడి పెద్దవై, కొన్ని మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందుకే పాత వైన్ నాలుకను పట్టి లాగకుండా మెత్తబడుతుంది, రంగు ఊదా నుండి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. ఈ మార్పు నిదానంగా జరగడానికి 12 నుండి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, 60 నుండి 70 శాతం తేమ కావాలి. సీసాను పడుకోబెట్టాలి, ఎందుకంటే వైన్ తగులుతూ ఉంటేనే కార్కు బిరడా ఎండిపోకుండా బిగువుగా ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని నేను ఇంటర్ పిల్లలకు స్థూలంగా చెప్పేదాన్ని. 13 డిగ్రీల దగ్గర ఉండవలసినది మన మే నెలలో 43 డిగ్రీల గదిలో ఉంటే, ఆ లెక్కన వేగం ఎనిమిది రెట్లు. వేగమే కాదు, చల్లదనంలో పెద్దగా జరగని చర్యలు వేడిలో ముందుకు వస్తాయి. పండు వాసన పోయి ఉడికిన వాసన వస్తుంది. పగటి వేడికి ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, రాత్రి చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. నయీంనగర్‌లో బీరువా అంటే మూత వేసిన పెట్టె, పైగా పై అర. అక్కడ ఆ సీసా ఎంత ముసలిదయిందో 2005 నుండి నేటి వరకు లెక్కపెట్టి చెప్పలేము.

నిల్వ ఎంత చేయగలదో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2010లో బాల్టిక్ సముద్రంలో ఆలాండ్ దీవుల దగ్గర, దాదాపు 170 ఏళ్ల కిందట మునిగిన ఓడలో షాంపేన్ సీసాలు దొరికాయి. వాటిలో కొన్నింటిని రుచి చూస్తే ఇంకా తాగదగినట్లే ఉన్నాయి. వాటి మీద కాగితం కరిగిపోయింది, ఏడాది ముద్ర లేదు; బిరడా మీది గుర్తులను బట్టే తయారీదారును పోల్చుకున్నారు. అయినా వాటిలో వవ్ క్లికో అనే సంస్థ షాంపేన్ సీసా ఒకటి 2011లో 30,000 యూరోలకు వేలంలో పోయింది. చీకటి, కదలని చల్లటి నీరు, పైనుండి ఒత్తిడి, అంతే.

తమ్ముడూ, మీరు చెప్పే గొప్ప ఏడాది అన్న మాట కూడా అన్ని తోటలకూ ఒకే విధంగా వర్తించదు. 1964లో బోర్డోలో అక్టోబరు మొదట్లో ఎడతెగని వానలు పట్టాయి. నదికి కుడి వైపున ముందుగా పండే మెర్లో ద్రాక్షను అప్పటికే కోసుకున్నవారి వైన్ బాగా కుదిరింది; ఎడమ వైపున ఇంకా పండవలసిన కాబెర్నే ద్రాక్ష కోసం ఆగిన పెద్ద పేర్లు కొన్ని దెబ్బతిన్నాయి. ఏడాది ఒకటే, ఫలితాలు రెండు.

గీత వృత్తి కుటుంబం, జనగామ:

మేడం గారి మాటకు మా అనుభవం తోడు. పొద్దున చెట్టు దిగిన లొట్టిలోని కల్లు తీపి సాయంత్రానికి ఉండదు, మర్నాటికి పులిసిపోతుంది. కల్లులో వైన్‌కు ఉన్నంత ఆల్కహాలు గాని, వగరు గాని ఉండవు కనుక గాలిని తట్టుకునే శక్తి దానికి లేదు. కానీ ఒకే రోజు ఒకే తోపులో దింపినా పోతాడు అంటే మగ తాటిచెట్టు కల్లు, పండుతాడు అంటే ఆడ తాటిచెట్టు కల్లు ఒక్క తీరుగా ఉండవని మా నాన్న లొట్టి మూతి దగ్గర వాసన చూసి చెప్పేవాడు. కాబట్టి చెట్టు గుణాన్ని కూడా తీసివేయలేము.

అడ్తి వ్యాపారి, ఏనుమాముల:

మీరందరూ నాణ్యత గురించి మాట్లాడుతున్నారు. ప్రశ్న విలువ గురించి. ఈ రెండూ ఒకటి కావని ముప్పై ఏళ్లుగా మార్కెట్‌లో చూస్తున్నవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మా యార్డులో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన బస్తాలకు అందరి ముందు పలికే ధర అది. సాయంత్రానికి ఆ అంకె ఊరూరా పాకుతుంది, ప్రతి రైతూ తన బస్తాలకు అదే ధర వస్తుందని లెక్క వేసుకుంటాడు. కాంటా దగ్గరకు వచ్చేసరికి తేమ అని, తాలు అని, రంగు అని కోత పడుతుంది. అప్పుడు ఆ రైతు ముఖం చూడటం మాకూ కష్టంగానే ఉంటుంది. వైన్ వేలంపాటల వార్తలు కూడా జెండా పాట వంటివే. 2018లో న్యూయార్క్‌లో 1945 నాటి, రొమానే కాంతి అనే ఫ్రెంచి తోట వైన్ సీసా ఒకటి 5,58,000 డాలర్లకు పోయింది. దానిని చూసి పాత సీసాలన్నిటికీ రెక్కలొస్తాయి. కానీ ఆ ధర వెనుక ఏమున్నదో చూడండి. ఆ తోట విస్తీర్ణం రెండు హెక్టార్ల లోపే, ఆ ఏడాది తయారైనవి సుమారు 600 సీసాలు, ఆ కోత తర్వాత పాత తీగలను పీకేసి కొత్తవి నాటారు. వీటన్నిటికీ మించి, ఆ సీసా ఫ్రాన్స్ లోని బుర్గండీ ప్రాంతంలో పేరున్న వైన్ వ్యాపారి రొబేర్ ద్రూయే సొంత నేలమాళిగ నుండి నేరుగా వచ్చింది. ఎక్కడ పుట్టింది, ఎవరి దగ్గర ఉన్నది అన్నదానికి తిరుగులేని సాక్ష్యం ఉన్నది కనుకనే కొన్నవాడు ధైర్యం చేశాడు.

సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో కూడా ఆ వ్యాపారమే నేర్చుకున్నది. రూడీ కుర్నియావాన్ అనే అతడు అమెరికాలో తన వంటింట్లో వైన్లు కలిపి, పాత చీటీలు అంటించి, కోట్ల రూపాయల సరుకు అమ్మాడు. 2008లో అతడు వేలానికి పంపిన సీసాలలో బుర్గండీలో వైన్ తయారుచేసే పోన్సో కుటుంబం పేరిట క్లో సాన్ దెని అనే వైన్, 1945 నాటిది కూడా ఉన్నది. 1980లకు ముందు ఆ కుటుంబం ఆ వైన్ తయారే చేయలేదు. ఆ కుటుంబానికి చెందిన లోరాన్ పోన్సో స్వయంగా న్యూయార్క్ వెళ్లి ఆ సీసాలను పాట నుండి తీయించారు. 2014లో కుర్నియావాన్‌కు పదేళ్ల శిక్ష పడింది. అప్పటి నుండి కొనేవాళ్లు సీసా కంటే ముందు దాని కాగితాలను అడుగుతున్నారు. మీ దగ్గర బావగారి కొనుగోలు రసీదు ఉన్నదా? చల్లటి గదిలో ఉన్నదని చూపే ఆధారం ఉన్నదా?

న్యాయవాది, హన్మకొండ:

ఒక్క మాట చేర్చాలి. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 కింద లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం. ఒక్క సీసా అయినా, ఎంత పాతదయినా మినహాయింపు లేదు. తెలిసినవారికి అమ్మి పెడతామని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

జగిత్యాల బిడ్డ, దుబాయి:

మేడం, 1964 సంగతి ఒప్పుకుంటున్నాను. నేను ఏడాది అన్నది ఆ తోటకు ఆ ఏడాది ఎలా గడిచిందన్న అర్థంలోనే. కానీ మీరు చెప్పిన చల్లటి గదిలో 2013 సీసాను ముప్పై ఏళ్లు పెట్టినా అది 2005 కాదు. నిల్వ ఉన్న గుణాన్ని కాపాడుతుంది, లేనిదాన్ని చేర్చదు. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

అన్నగారూ, వాదం ఎలా ఉన్నా సీసా మన ముందే ఉన్నది కదా. దాన్ని కుదపకుండా దించి, వెనుక తెల్ల కాగితం, దీపం పెట్టి చూడండి. వైన్ మట్టం మెడలో ఉన్నదా, భుజానికి దిగిందా? బిరడా సీసా మూతికి సమంగా ఉన్నదా, పైకి పొడుచుకు వచ్చిందా? పై తొడుగు కింద జిగట చార ఉన్నదా?

నయీంనగర్ నివాసి, హన్మకొండ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చెల్లెలు టార్చి పట్టుకోగా చూశాను. మట్టం మెడ దాటి భుజం నడుమకు దిగి ఉన్నది. తొడుగు పైభాగం కొద్దిగా ఉబ్బి ఉన్నది. వేలితో తడిమితే బిరడా అంచు మూతి కంటే పైకి తగులుతున్నది. అక్కడి నుండి కాగితం మీదుగా ఎండిపోయిన గోధుమ రంగు చార ఒకటి 2005 అన్న అంకె పక్క వరకు వచ్చి ఆగింది. బావగారిని అడిగితే రసీదు లేదని, పేరున్న పెద్ద తోట కాకపోయినా బోర్డోలోనే మెదోక్ అనే ప్రాంతంలో ఒక చిన్న తోటకు వెళ్లి స్వయంగా కొన్నానని చెప్పారు. అమ్మే ఆలోచన ఇంట్లో అందరం మానుకున్నాము. బావగారు వచ్చే ఆదివారం వస్తున్నారు, ఆయన చేతనే తెరిపించమని నాన్నగారు చెప్పారు.

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, కాజీపేట:

మంచి నిర్ణయం. ఒక రోజు ముందు సీసాను ఫ్రిజ్ కింది అరలో నిలబెట్టండి, మడ్డి అడుగుకు చేరుతుంది. తెరిచాక గాజు గ్లాసులో కొద్దిగా పోసి, ముందు వాసన, తర్వాత రంగు, చివరకు రుచి చూసి ఇక్కడ రాయమని బావగారికి చెప్పండి. తమ్ముడి మాటకూ నా మాటకూ అదే పరీక్ష.

నయీంనగర్ నివాసి, హన్మకొండ:

ఆదివారం మధ్యాహ్నం తెరిచాము. బిరడా సగానికి విరిగి, మిగిలిన సగం పొడిగా రాలింది. దాని వైపులా పై నుండి కింది దాకా వైన్ పాకిన మరక ఉన్నది. గ్లాసులో రంగు అంచుల దగ్గర చింతపండు పులుసులా, నడుమ ముదురు గోధుమగా కనిపించింది. వాసన ఉడికించిన ఎండు ద్రాక్షదిలా ఉండి, వెనుక నుండి సన్నగా పులుపు ఘాటు తగిలింది. బావగారు ఒక గుటక వేసి చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తోటలో ఆనాడు రుచి చూసినప్పటి పండు వాసన జాడ కూడా లేదని, అయితే గొంతు దిగాక నాలుక మీద వగరు ఇంకా గట్టిగా పట్టుకొనే ఉన్నదని చెప్పారు. మేడం గారు చెప్పిన నష్టం, జగిత్యాల తమ్ముడు చెప్పిన బలం రెండూ ఆ ఒక్క గుటకలోనే ఉన్నాయని ఇక్కడ రాయమన్నారు. నాన్నగారు గ్లాసును ముక్కు దగ్గరకు తీసుకొని వాసన చూసి, తిరిగి అల్లుడి చేతికే ఇచ్చారు.