ప్రశ్నావళి సర్వే: శాంపిల్ 400, ఆల్ఫా 0.93. ఇక ఫీల్డులోకి దిగొచ్చా?

సినాప్సిస్_దశ
హైస్కూలు పిల్లలకు గణితం పట్ల ఉన్న వైఖరి మీద సర్వే. లైకర్ట్ స్కేలు (ప్రతి వాక్యానికీ ఎంత అంగీకరిస్తారో టిక్ పెట్టేది), 5 పాయింట్లు, 40 అంశాలు. 385 మంది చాలని పట్టికల్లో ఉంది కాబట్టి 10 బడులు, బడికో సెక్షన్, సెక్షన్‌కి 40 మంది లెక్కన 400 అనుకుంటున్నాం. పైలట్‌లో (ముందస్తు ప్రయోగంలో) క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే అంశాల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె, 0.93 వచ్చింది. ప్రశ్నావళి ఇంగ్లిషు నుంచి అనువదించింది. ఇంకా ఏమైనా చూసుకోవాలా?

అంకెలగారడీ
ముందు ఆ 385 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1.96 వర్గాన్ని 0.25తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 384.16. అంటే 95% విశ్వాస స్థాయి, అటూ ఇటూ 5 శాతం దోషం. ఈ లెక్కంతా ఒకే షరతు మీద నిలబడింది: ప్రతి పిల్లాడూ లాటరీ తీసినట్టు విడివిడిగా ఎంపికవ్వాలి. మీరు ఎంచుకుంటున్నది పిల్లల్ని కాదు, సెక్షన్లని. ఒకే టీచరు దగ్గర, ఒకే గదిలో చదివే 40 మంది జవాబులు ఎంతో కొంత ఒకే పోలికలో ఉంటాయి. నలభయ్యోవాడు కొత్తగా చెప్పేది తక్కువ.

ఆ పోలికను కొలిచేది ఇంట్రాక్లాస్ కోరిలేషన్. సెక్షన్ నుంచి తీసుకున్న మందిలో ఒకటి తగ్గించి, దాన్ని ఈ కోరిలేషన్‌తో గుణించి, 1 కలిపితే డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా ఎంచినందుకు శాంపిల్ విలువ ఎన్నో వంతుకు తగ్గిందో చెప్పేది) వస్తుంది. వైఖరి ప్రశ్నలకు కోరిలేషన్ 0.05 అనుకుందాం. మీ ప్లాన్‌లో 1 + 39 × 0.05 = 2.95. 400ని దీంతో భాగిస్తే 136. అంటే మీ 400 పేపర్లు 136 మంది నిజమైన యాదృచ్ఛిక నమూనాతో సమానం, దోషం 5 కాదు, దాదాపు 8.4 శాతం. మార్కుల లాంటి విషయాల్లో కోరిలేషన్ ఇంకా ఎక్కువ ఉంటుంది. 0.15 అయితే మిగిలేది 58 మందే.

అవే 400 పేపర్లను 40 బడుల్లో 10 మంది చొప్పున తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.45, ఫలితం 276 మందితో సమానం. పేపర్ల ఖర్చు పెరగలేదు, తిరుగుడు పెరిగింది. ఈ బేరంలో ఎప్పుడైనా బడుల సంఖ్యే గెలుస్తుంది.

సినాప్సిస్_దశ
40 బడులకు అనుమతులు తేవడం కష్టమండీ. 20 బడులు, 20 మంది అయితే? సెక్షన్‌లో 20 మందిని ఎలా ఎంచుకోవాలి? విశ్లేషణకు టి-టెస్ట్ (రెండు గుంపుల సగటుల తేడా చూసే పరీక్ష) చాలంటున్నారు.

అంకెలగారడీ
20 × 20 అయితే 1.95, అంటే 205 మందితో సమానం. ఫర్వాలేదు, రిపోర్టులో ఆ సంఖ్య దాచకుండా రాయండి.

ఎంపిక హాజరు పట్టీ నుంచి చేయండి. 40 మందిలో 20 కావాలంటే ఎడం 2. చీటీ తీసి 1 లేదా 2తో మొదలుపెట్టి ఒకరు విడిచి ఒకరు. టీచరుగారు "మంచి పిల్లల్ని పంపిస్తాను" అంటే సున్నితంగా వద్దనండి. ఎంపికైన పిల్లాడు రాకపోతే పక్కవాణ్ణి కూర్చోబెట్టకూడదు, గైర్హాజరుగా రాసుకోవాలి. రోజూ బడికి వచ్చేవాళ్లకూ రానివాళ్లకూ గణితం మీద ఒకే అభిప్రాయం ఉండదు కదా!

మామూలు టి-టెస్ట్‌కి 400 మంది విడివిడి మనుషులు అనిపిస్తుంది. దాంతో ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది) ఉన్నదానికన్నా చిన్నదిగా వచ్చి, లేని తేడా కూడా "సార్థకం" (కాకతాళీయం కాదు) అయి కూర్చుంటుంది. మల్టీలెవెల్ మోడల్ (పిల్లలు, సెక్షన్లు అని అంచెలవారీగా లెక్కించేది) గానీ, క్లస్టర్ (గుంపు) సర్దుబాటు చేసిన ప్రామాణిక దోషాలు గానీ వాడండి.

గుణకం
ఆల్ఫా 0.93 చూసి మురిసిపోకండి. అంశాల సంఖ్య పెంచితే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది. అంశాల మధ్య సగటు సహసంబంధం (కోరిలేషన్) 0.25 మాత్రమే ఉన్నా, 40 అంశాలుంటే ఆల్ఫా 0.93 వస్తుంది. అదే సహసంబంధంతో 8 అంశాలుంటే 0.73. అంటే మీ అంకె మీ స్కేలు గొప్పతనం కాకపోవచ్చు, దాని పొడవు కావచ్చు.

పైగా ఆల్ఫా చెప్పేది విశ్వసనీయత (కొలత నిలకడ) గురించి, సప్రమాణత (కొలవాలనుకున్నదే కొలుస్తోందా అన్నది) గురించి కాదు. భయం, ఇష్టం, ఉపయోగం అని మూడు ఉపవిభాగాలుంటే 40కీ కలిపి ఒకే ఆల్ఫా ఇవ్వడం కన్నా మూడూ విడిగా ఇవ్వండి. అంశం-మొత్తం సహసంబంధం (ఆ అంశాన్ని మొత్తంలోంచి తీసేసి లెక్కించినది) 0.3 కన్నా తక్కువ ఉన్నవాటిని మళ్లీ చదవండి. చదవమంటున్నాను, వెంటనే తీసేయమని కాదు. రుణాత్మకంగా వస్తే మాత్రం తొంభై పాళ్లు రివర్స్ కోడింగ్ (వ్యతిరేక అంశాల స్కోరు తిప్పడం) మరచిపోయినట్టే. 5 పాయింట్లలో అది 6లోంచి జవాబును తీసేయడమే.

క్షేత్రధూళి
అనువాదం మాట ఎవరూ ఎత్తలేదు. ఇలాంటి సర్వేల్లో ఎక్కువ చెడిపోయేది అక్కడే.

"నాకు గణితం అంటే భయం లేదు" అనే అంశం తీసుకోండి. భయమున్న పిల్లాడు "అంగీకరించను" మీద టిక్ పెట్టాలి. వాక్యంలో "లేదు", జవాబులో "అంగీకరించను". రెండు కాదనడాలు కలిసి అవుననడమని ఎనిమిదో తరగతి పిల్లాడు ఆగి ఆలోచించడు, భయముంది కాబట్టి "అంగీకరిస్తాను" అనేస్తాడు. "గణితం పరీక్ష అంటే నాకు భయం వేస్తుంది" అని నేరుగా అడిగి, స్కోరింగ్‌లో తిప్పుకోండి.

ఇంకోటి: "మా టీచరు స్పష్టంగా, ఆసక్తికరంగా చెబుతారు." స్పష్టంగా చెప్పి నిద్రపుచ్చే టీచరుకి ఏం టిక్ పెట్టాలి? రెండు అంశాలుగా విడగొట్టండి. "తరచుగా", "అప్పుడప్పుడు" కూడా వద్దు. "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు ఇంట్లో లెక్కలు చేశావు?" అని అడిగితే అంకె వస్తుంది.

వెనుక అనువాదం చేయించండి: మూలం చూడని మరొకరు తెలుగు నుంచి ఇంగ్లిషులోకి తిప్పాలి, తర్వాత రెండూ పోల్చాలి. అది మాటల తేడా పట్టిస్తుంది గానీ పిల్లలకు ఏం అర్థమైందో చెప్పదు. అందుకే ఓ ఎనిమిది, పది మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్న పైకి చదివించి, "నీ మాటల్లో చెప్పు, ఇది ఏం అడుగుతోంది?" అనండి. బాగా చదివేవాళ్లనే పిలిస్తే ఆ పని దండగ.

గుణకం
ఒక్కటి ఒప్పుకోను. వ్యతిరేక అంశాలు కొన్నైనా ఉండాలి. లేకపోతే అన్నింటికీ "అంగీకరిస్తాను" కొట్టేవాణ్ణి ఎలా పట్టుకుంటారు?

క్షేత్రధూళి
వ్యతిరేక అర్థం ఉండొచ్చండీ, "లేదు", "కాదు" ఉండకూడదు. "గణితం విసుగు పుట్టిస్తుంది" వ్యతిరేకమే, పిల్లాడు తడబడడు.

గుణకం
అలాగైనా ఫ్యాక్టర్ అనాలిసిస్‌లో (ఏ అంశాలు కలిసి గుంపు కడుతున్నాయో చూసే విశ్లేషణలో) వ్యతిరేక అంశాలన్నీ వేరే గుంపు కడతాయి, అదొక కొత్త భావన అని కొందరు పేరు కూడా పెట్టేస్తారు. ఉంచుకోండి, కానీ అది కనిపిస్తే వాక్య నిర్మాణాన్నే ముందు అనుమానించండి.

ఎన్యూమరేటర్
టీచరు గదిలో ఉండగా టీచరు గురించి ప్రశ్నలు వేయకండి. రోల్ నంబరు రాయించవద్దు. పేపర్లు పిల్లలే కవరులో వేసి మూయాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం సర్వే రోజు కాదు, ముందే పంపాలి. మధ్య గడి "తటస్థం", "అర్థం కాలేదు" ఒకటి కావు, రెండోదానికి వేరే గడి ఇవ్వండి.

కోడ్‌బుక్
డేటా ఎంట్రీలో ఒక ఉచ్చు. ఖాళీ జవాబులకు 99 వేస్తారు, సాఫ్ట్‌వేర్‌కి అది మిస్సింగ్ (జవాబు లేదు) అని చెప్పడం మరుస్తారు. 97 మంది సగటు 3.0 ఉండి 3 ఖాళీలుంటే సగటు 5.88 అవుతుంది. 5 పాయింట్ల స్కేలులో అది అసాధ్యం కాబట్టి దొంగ దొరికిపోతాడు. అదే 9 వేస్తే 3.18, 0 వేస్తే 2.91. చూడ్డానికి రెండూ నమ్మదగ్గవే, థీసిస్‌లోకి వెళ్లిపోతాయి. ప్రతి అంశానికీ కనిష్ఠ, గరిష్ఠ విలువలు తీసి చూడండి. పదింట ఒక పేపరును రెండోసారి వేరే మనిషి చేత ఎక్కించి పోల్చండి. వ్యతిరేక అంశాలు తిప్పకముందే, 40కి 40 ఒకే అంకె ఉన్న వరుసల్ని గుర్తుపెట్టుకోండి. తిప్పాక అవి కనపడవు.

సినాప్సిస్_దశ
పైలట్ చేసిన సెక్షన్ పేపర్లను అసలు శాంపిల్‌లో కలపొచ్చా?

అంకెలగారడీ
కలపకండి. ప్రశ్నలు మారాయి కదా, మారకపోయినా ఆ సెక్షన్‌ని మీరు లాటరీలో తీయలేదు. ఆ బడినే జాబితాలోంచి తీసేసి మిగతావాటి నుంచి 20 ఎంచుకోండి.